ఉరుము లేని మెరుపు

రాత్రి తొమ్మిది దాటాక మా వదిన హైదరాబాదు నుంచి ఫోన్ చేసిందంటే రెండే కారణాలు. ఒకటి, వాళ్ళమ్మ, అంటే మా అత్తయ్య, రాత్రి మాత్ర వేసుకున్నారో లేదో కనుక్కోవడానికి. రెండోది, ఆకాశంలో ఏదో కనబడి.

"ఏమ్మా, ఇక్కడ దీపాలు వరసగా పోతున్నాయి! రైలు బోగీల్లాగా ఒకదాని వెనక ఒకటి. చప్పుడు లేదు. అపార్ట్‌మెంట్ అంతా టెర్రస్ మీదే ఉంది. ఏమిటంటావు?"

ఇటువైపు నేను చేతిలో గరిటె పట్టుకుని, పొయ్యి మీద పాలు పొంగకుండా ఒక కన్ను అటు వేసి, డాక్టరు గారి ధోరణిలో ప్రశ్నలు మొదలుపెడతాను. "సమానమైన ఎడం ఉందా? మిణుకుమంటున్నాయా, నిలకడగా ఉన్నాయా? పొద్దుగూకి ఎంతసేపయింది?" అన్నీ విని తేల్చేస్తాను. "అవి స్టార్‌లింక్ ఉపగ్రహాలు వదినా. ఇంటర్నెట్ కోసం ఒకేసారి గుత్తులుగా పంపిస్తారు. 2019 మే నెలలో మొదటిసారి 60 పంపారు. పంపిన కొద్దిరోజులు అలా రైలులా కనబడతాయి. తర్వాత ఇంకా పైకి వెళ్ళి, ఎడమై, మసకబారిపోతాయి. అన్నయ్యగారిని భోజనానికి కూర్చోమను."

మా వారు నాకు పెట్టిన పేరు "ఆకాశ పంచాంగం". వెక్కిరింతే అయినా, నిజం చెప్పొద్దూ, ఆ పేరంటే నాకు లోపల్లోపల ఇష్టమే. ఇరవై రెండేళ్ళుగా ఇంట్లో నన్నందరూ అడిగేది "ఉప్పు డబ్బా ఎక్కడ", "నా తెల్ల చొక్కా ఎక్కడ" అనే కదా. "ఆకాశంలో అదేమిటి" అని అడిగేవాళ్ళు దొరికితే ఎవరికి ముద్దు కాదు?

ఈ పిచ్చి ఎలా మొదలయిందో చెబుతాను. మాది నెల్లూరు. శ్రీహరికోట మాకు గీత గీసినట్టు కొలిస్తే 80 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుందేమో. రాకెట్ వదిలిన రోజు వీధి వీధంతా డాబాలెక్కడం మాకు అలవాటే. 2024 డిసెంబరు 30, రాత్రి పది గంటలకు పీఎస్‌ఎల్‌వీ సీ60 ఎగిరింది. రెండు ఉపగ్రహాలను అంతరిక్షంలోనే కలపడానికి పంపిన స్పేడెక్స్ ప్రయోగం అది. మా అబ్బాయి కాలేజీ నుంచి సెలవులకు వచ్చి ఉన్నాడు. దక్షిణాన కొబ్బరి చెట్ల పైనుంచి నారింజ రంగు నిప్పుకణిక ఒకటి లేచి, సముద్రం వైపు వంగి, సన్నబడి మాయమైంది. అందరూ కిందికి దిగిపోయారు. నాకు మాత్రం దిగబుద్ధి కాలేదు. "మరి ఆ కదిలే చుక్క ఏమిట్రా? ఈ మెరిసేది?" అని వాడి ప్రాణం తీశాను. వాడు విసుక్కోకుండా నా ఫోనులో ఒక యాప్ వేసి, "ఇది పైకి చూపిస్తే పేర్లు చెబుతుందమ్మా. కానీ ముందు నువ్వు ప్రశ్నలు వేసుకో" అని కొన్ని గుర్తులు నేర్పాడు.

నేను బీయే తెలుగు చదివినదాన్ని. సైన్సు పదో తరగతితోనే సరి. అయినా వాడు చెప్పింది నాకు చప్పున ఎక్కింది. ఎందుకంటే అది సంధి విడదీయడం లాంటిదే. పెద్ద పదం చూసి బెదిరిపోకుండా, ఎక్కడ విరుగుతుందో చూసుకోవడమే.

మీకూ పనికొస్తాయి, చెబుతాను.

కదులుతూ, తళుక్కు తళుక్కుమంటూ, ఎరుపో ఆకుపచ్చో రంగు కలిసి ఉంటే అది విమానం. ఎడమ రెక్క కొసన ఎర్ర దీపం, కుడి రెక్కకు ఆకుపచ్చ దీపం, తోకకు తెల్ల దీపం ఉంటాయి. మెరిసే దీపాలు వేరే. మన వైపే ఎదురుగా వస్తున్న విమానమైతే కదలకుండా చాలాసేపు ఒకేచోట పెద్ద వెలుగుగా నిలబడినట్టుంటుంది. కొత్తవాళ్ళు భయపడేది దానికే. అయిదు నిమిషాలు ఓపిక పడితే అదే పక్కకు తిరిగి తన బండారం బయటపెడుతుంది.

మిణుకుమనకుండా, చప్పుడు లేకుండా, నక్షత్రమొకటి నడిచిపోతున్నట్టు నిదానంగా సాగితే అది ఉపగ్రహం. దానికి సొంత దీపం లేదు. మనకు పొద్దుగూకినా అంత ఎత్తున దానికి ఇంకా ఎండ కాస్తూనే ఉంటుంది. ఆ ఎండకు అది మెరుస్తుంది. అందుకే చీకటి పడ్డాక ఒకటి రెండు గంటలు, మళ్ళీ తెల్లవారకముందు ఒకటి రెండు గంటలు ఎక్కువగా కనబడతాయి. ఆకాశం నడిమధ్యలో ఉన్నట్టుండి ఆరిపోతే కంగారు పడక్కర్లేదు. భూమి నీడలోకి వెళ్ళిందన్నమాట.

ఆగి ఆగి, ఒకే లెక్కన వెలిగి ఆరుతూ పోతుంటే, చాలాసార్లు అది పని అయిపోయిన రాకెట్ ముక్క. దొర్లుకుంటూ తిరుగుతుంటుంది కాబట్టి ఎండ తగిలిన పక్క మన వైపు వచ్చినప్పుడల్లా మెరుస్తుంది. కదలకుండా ఒకేచోట ఉండి ఎరుపు, నీలం, తెలుపు రంగులు మార్చుకుంటూ వణుకుతుంటే అది దిగువన ఉన్న నక్షత్రం. గాలి పొరలు దాన్నలా ఆడిస్తాయి. తెల్లవారుజామున తూర్పున దీపం పెట్టినట్టు వెలిగేది మన అమ్మమ్మలకు తెలిసిన వేగుచుక్కే, శుక్రుడు.

పెద్ద పెద్ద గగ్గోళ్ళకు కూడా చివరికి ఇలాంటి జవాబే దొరికింది. 2022 ఉగాది గుర్తుందా, ఏప్రిల్ 2? ఆ సాయంత్రం మహారాష్ట్రలో, మధ్యప్రదేశ్‌లో ఆకాశాన నిప్పుల వరస కనబడి జనం వణికిపోయారు. మన ఆదిలాబాదు వైపుకి పొరుగునే ఉన్న చంద్రపూర్ జిల్లాలో పెద్ద ఇనుప చట్రం లాంటిది పడింది కూడా. అది కక్ష్య నుంచి జారి మండిపోయిన చైనా రాకెట్ భాగమని నిపుణులు లెక్క కట్టారు. ఆ ఏడే డిసెంబరులో హైదరాబాదు వాళ్ళంతా ఆకాశంలో తెల్లగా మెరుస్తున్న వింత వస్తువును ఫొటోలు తీశారు. మా వదిన పదకొండు ఫొటోలు పంపింది. అది టీఐఎఫ్‌ఆర్ వాళ్ళు హైదరాబాదులోని తమ కేంద్రం నుంచి ఎగరేసిన పరిశోధన బెలూన్. దాని కింద వేలాడిన గుండ్రటి పెట్టె వికారాబాద్ జిల్లాలో దిగితే ఊరంతా చుట్టూ చేరారు.

ఇలా ప్రతి వెలుగుకీ నా దగ్గరో జవాబుండేది. జవాబు తెలిసిన మనిషికి వచ్చే జబ్బు ఏమిటంటే, ప్రశ్న పూర్తిగా వినదు.

ఇక మా అత్తయ్య సంగతి చెప్పాలి. ఆవిడకు డెబ్భై ఒకటి. పెళ్ళయ్యేనాటికే దూరపు చూపు ఆనేది కాదు. దళసరి కళ్ళద్దాలు. మూడేళ్ళ కిందట కుడికంటికి శుక్లం తీయించాం. కట్టు విప్పిన వారానికి డాబా మీద ఒడియాలు తీస్తూ చీకటి పడేదాకా ఉండి, "అమ్మాయ్, ఇన్ని చుక్కలున్నాయా ఇంకా! నేను తగ్గిపోయాయేమో అనుకున్నా" అన్నారు. అప్పట్నుంచీ ఎండాకాలం రాత్రిళ్ళు ఆవిడా నేనూ డాబా మీద చాప వేసుకుని కూర్చోవడం అలవాటు.

ఆవిడ చెప్పిన కథల్లో నాకు బాగా ఇష్టమైనది కొరివి దయ్యం కథ. ఆవిడ పుట్టింటి ఊళ్ళో రాత్రిపూట పొలాల మధ్య ఒక దీపం తిరుగుతుండేదట. కనబడుతూ, మాయమవుతూ, మళ్ళీ ఇంకోచోట తేలుతూ. కొరివి దయ్యం వచ్చిందని వాళ్ళ నాయనమ్మ పిల్లల్ని లోపల వేసి తలుపు గడియ పెట్టేదట. "నాకు పదేళ్ళుంటాయేమో. నేనొకటి కనిపెట్టా అమ్మాయ్. మా నాన్న మంచం ఖాళీగా ఉన్న రాత్రే కొరివి దయ్యం వస్తోంది! ఒకరోజు పిల్లిలా వెనకాలే వెళ్ళా. లాంతరు పట్టుకుని మడికి నీళ్ళు కడుతున్నాడు. తాటిచెట్టు అడ్డం వస్తే దీపం ఆరినట్టు, దాటితే వెలిగినట్టు. అంతే! మా నాయనమ్మకు చెబితే నమ్మలేదు. చిన్నపిల్లవు, నీకేం తెలుసంది."

ఆ కథకు ఎన్నిసార్లు నవ్వానో. "నీకేం తెలుసంది" అన్న చివరి మాట దగ్గర ఒక్కసారైనా ఆగలేదు.

2025 ఆషాఢం. కొత్త అత్తాకోడళ్ళు ఒక గడప కింద ఉండకూడదనే మాసంలో పాత అత్తాకోడళ్ళం ఒకే చాప మీద ఉక్కకు విసనకర్రలతో విసురుకుంటున్నాం. తొలి ఏకాదశి మర్నాడు, సోమవారం. ఆ రోజుల్లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్నాడు. రాకేశ్ శర్మ 1984లో వెళ్ళాక భూకక్ష్యలోకి వెళ్ళిన రెండో భారతీయుడు, ఆ కేంద్రంలో కాలుపెట్టిన మొదటివాడు. అంతకుముందు 2021లో మన తెలంగాణ మూలాలున్న అమెరికా వ్యోమగామి రాజా చారి కూడా అక్కడికి వెళ్ళి ఆర్నెల్లు ఉండి వచ్చాడు. ఎనిమిది కావస్తుండగా అది మా ఊరి మీదుగా పోతుందని నా యాప్ చెప్పింది. అత్తయ్యను, మా వారిని, పక్కింటి పిల్లల్ని అందరినీ పిలిచి కూర్చోబెట్టాను.

వచ్చింది. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో, గంటన్నరకోసారి భూమిని చుట్టేసే ఇల్లు. కింద నుంచి చూస్తే మాత్రం ఏ తొందరా లేని తెల్లటి చుక్క. అత్తయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. "ఆ పిల్లాడి తల్లి కూడా ఇలాగే డాబా ఎక్కి చూస్తుంటుందేమో" అన్నారు.

అది తూర్పున కలిసిపోయాక మేమిద్దరమే మిగిలాం. "అమ్మాయ్, అటు పక్కన ఒకటి మెరిసిందే" అన్నారు కుడివైపు చెయ్యి చూపిస్తూ. తూర్పుకేసి కూర్చున్నాం కాబట్టి కుడి అంటే దక్షిణం. "మద్రాసు విమానమై ఉంటుంది అత్తయ్యా" అన్నాను, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

మంగళవారం రాత్రి గాలి పడమటి నుంచి తిరిగిందని చాప అటు తిప్పుకున్నాం. "మళ్ళీ మెరిసింది. కొసన, వంకీలాగా. మబ్బు కూడా లేదు" అన్నారు కుడివైపు చూస్తూ. అది ఈసారి ఉత్తరం. "దూరాన ఎక్కడో వాన అత్తయ్యా. రాత్రిపూట మెరుపు వంద కిలోమీటర్లు దాటి కూడా కనబడుతుంది. ఉరుము ఇరవై కిలోమీటర్లు కూడా రాదు. అందుకే ఉరుము లేని మెరుపు" అని పాఠం చెప్పాను. చెప్పిన ముక్కల్లో తప్పు లేదు. అదే కదా బాధ.

బుధవారం నేను కింద వంటింట్లో దోసెల పిండి రుబ్బుతున్నాను. ఆవిడ మెట్లు దిగుతూ, "అదేంటో అమ్మాయ్, ఎప్పుడూ కుడిపక్కే వస్తోంది" అన్నారు. గ్రైండర్ చప్పుడులో, "సెల్ టవర్ దీపం అయ్యుంటుంది లెండి" అని అరిచాను. ఆవిడ ఒక్క క్షణం గుమ్మంలో నిలబడి, "అయ్యుంటుందిలే. నీకు తెలిసినన్ని నాకెక్కడ తెలుసు" అని వెళ్ళి పడుకున్నారు.

గురువారం ఇక చెప్పలేదు.

ఆ రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. ఆవిడ గదిలో టార్చిలైటు పెట్టి వద్దామని వెళ్ళాను. కిటికీ తలుపులు మూసి ఉన్నాయి. దోమలని సాయంత్రమే మూసేస్తాం. చిమ్మచీకటి. మంచం మీద కూర్చుని ఉన్నారు. నేను పిలిస్తే తల తిప్పి, "ఇదిగో, ఇప్పుడూ మెరిసింది" అన్నారు.

నాకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. మూసిన గది. విమానం లేదు, మబ్బు లేదు, టవరు లేదు.

ఆవిడ పక్కన కూర్చుని, మొదటిసారిగా, వదినను అడిగినట్టు ఆవిడను ప్రశ్నలడిగాను. కళ్ళు మూసుకుంటే? మూసుకున్నా కనబడుతోంది. ఏ కన్ను? ఎడమది చేత్తో మూశాం, ఉంది. కుడిది మూసి ఎడమతో చూడమన్నాను, లేదు. ఎప్పుడు వస్తోంది? తల చప్పున తిప్పినప్పుడు, చీకట్లో ఎక్కువగా. ఇంకేమైనా ఉందా? "రెండ్రోజుల్నుంచి ఈగలు తిరుగుతున్నట్టుంది. సాలెపోగు లాంటిది అడ్డం వస్తోంది. కళ్ళద్దాలు తుడుచుకుంటూనే ఉన్నా."

తూర్పుకు తిరిగినా కుడివైపే. పడమటికి తిరిగినా కుడివైపే. ఆకాశంలో ఉన్న వెలుగు మనం తిరిగినంత మాత్రాన మనతోపాటు తిరుగుతుందా? ఈ చిన్న లెక్క పదో తరగతి సైన్సు కూడా అక్కర్లేదు. ఆవిడ చేశారు కూడా. "ఎప్పుడూ కుడిపక్కే" అని నాకు చెప్పారు. నాన్న మంచం ఖాళీ అయిన రాత్రే దీపం వస్తోందని పదేళ్ళప్పుడు పట్టుకున్న మనిషి కదా. నేను గ్రైండరు ఆపలేదు, అంతే.

రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే మా వారు సెలవు పెట్టారు. కంటి ఆసుపత్రిలో మెరుపులు, ఈగలు అనగానే వరసలో కూర్చోబెట్టకుండా చుక్కల మందు వేశారు. కంటిపాప పెద్దదయ్యాక డాక్టరమ్మ తలకు దీపం కట్టుకుని చాలాసేపు చూసింది. రెటీనా అంచున చిన్న చిరుగు ఉందంది. ఇంకా ఊడిపోలేదు. ఆ రోజే లేజర్ చేసేశారు. అరగంటలో బయటికి వచ్చారు అత్తయ్య.

డాక్టరమ్మ ఎంత ఓపిగ్గా చెప్పిందో. మన కంటి లోపల జున్నుముక్కలా తేటగా, మెత్తగా ఒక పదార్థం నిండి ఉంటుందట. వయసు మీరినకొద్దీ అది నీరుకారి ముడుచుకుని, వెనకనున్న రెటీనా పొర నుంచి విడివడుతుంది. విడివడేటప్పుడు పొరను లాగుతుంది. రెటీనాకు నొప్పి తెలియదు. దానికి తెలిసిన భాష ఒక్కటే, వెలుగు. లాగినా, గిల్లినా మెరుపుగానే చెబుతుంది. చాలామందిలో అది ఏ హానీ లేకుండా విడిపోతుంది. కొందరిలో మాత్రం పొర చిరుగుతుంది. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరితే పొర గోడ సున్నంలా ఊడి వస్తుంది. అప్పుడు పక్కనుంచి నల్లటి తెర దిగినట్టు చూపు పోతుంది. దానికి పెద్ద ఆపరేషన్ కావాలి. చిరుగు దగ్గరే పట్టుకుంటే లేజర్‌తో చుట్టూ కుట్టు వేసినట్టు అతికించెయ్యొచ్చు. దూరపు చూపు బాగా తక్కువ ఉన్నవాళ్ళకు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళకు, కంటికి దెబ్బ తగిలినవాళ్ళకు ఈ ప్రమాదం కాస్త ఎక్కువట. అత్తయ్యకు మొదటి రెండూ ఉన్నాయి.

"ఎన్ని రోజులైంది మెరుపులు మొదలై?" అని అడిగింది ఆవిడ. అత్తయ్య నా వైపు చూడకుండా, "ఈమధ్యే అమ్మా" అన్నారు. నన్ను కాపాడారు. నేనే చెప్పాను. "సోమవారం నుంచి చెబుతూనే ఉన్నారు డాక్టరుగారూ. నేనే విమానం అన్నాను."

ఇంటికొచ్చాక చారు అన్నం కలిపి పెడుతుంటే నా కళ్ళలో నీళ్ళు ఆగలేదు. "నన్ను తిట్టండి అత్తయ్యా" అన్నాను. ఆవిడ నవ్వి, "తిట్టడానికేముంది? నువ్వు ఏదో ఒకటి చెప్పావు. చెప్పినా నమ్మక తలుపు గడియ పెట్టిన మా నాయనమ్మ కంటే నయమే కదా" అన్నారు. కాసేపాగి, "కానీ అమ్మాయ్, నువ్వు ప్రతిదానికీ పేరు చెప్పేస్తుంటే, పేరు లేనిది నాకు కనబడిందని చెప్పడానికి సిగ్గేసింది" అన్నారు. ఆ మాట మాత్రం తిట్టు కంటే గట్టిగా తగిలింది.

మా అబ్బాయికి ఫోన్లో చెబితే వాడు ఒక సంగతి చెప్పాడు. 1969లో చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో 11లో బజ్ ఆల్డ్రిన్‌కు చీకట్లో, కళ్ళు మూసుకున్నా మెరుపులు కనిపించాయట. తిరిగొచ్చి ఆ ముక్క చెబితే అక్కడివాళ్ళు నవ్వి ఊరుకోలేదు. తర్వాత వెళ్ళే అపోలో 12 వాళ్ళను మీరూ గమనించండని అడిగారు. వాళ్ళకూ కనిపించాయి. తర్వాతి యాత్రల్లో దానికోసం ప్రత్యేకంగా ప్రయోగాలే చేశారు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు కంటిలోంచి దూసుకుపోతుంటే కనబడే మెరుపులట అవి. అంటే, ఆకాశం అంచుదాకా వెళ్ళినవాళ్ళు కూడా తమకు కనబడిన మెరుపు బయట ఉందా, కంట్లో ఉందా అని అడుక్కోవలసి వచ్చింది. చెప్పిన మనిషి మాట నమ్మి అడిగారు కాబట్టి జవాబు దొరికింది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఏదైనా కనబడిందన్నా, వినబడిందన్నా మనం చేతిలో పని ఆపకుండానే జవాబు చెప్పేస్తుంటాం. వయసు, చాదస్తం, నిద్రమత్తు, ఏదో ఒకటి. నాలాగా కాస్త చదివినదైతే సైన్సు కూడా కలిపి చెబుతుంది. నా ప్రశ్నల జాబితాలో ఇప్పుడు మొట్టమొదట మూడు కొత్తవి చేరాయి. పక్కన ఉన్నవాళ్ళకూ కనబడిందా? కళ్ళు మూసుకుంటే పోయిందా? తల తిప్పితే అక్కడే ఉందా, మనతో వచ్చిందా? ఈ మూడూ దాటాకే విమానం, ఉపగ్రహం. ఒక కంట్లో కొత్తగా మెరుపులు, ఉన్నట్టుండి నల్లటి ఈగలు, పక్కనుంచి తెర, వీటిలో ఏది కనబడినా రేపు చూద్దాం అనుకోకండి. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్ళకు తలనొప్పి ముందు రెండు కళ్ళకూ వంకరటింకర మెరుపులు పావుగంటో అరగంటో రావడం వేరు. అయినా అదా ఇదా అని తేల్చాల్సింది మనం కాదు, చుక్కల మందు వేసి లోపల చూసిన డాక్టరే.

అత్తయ్య కన్ను బాగుంది. పది రోజులు బరువులెత్తొద్దన్నారు కాబట్టి పది రోజులూ నన్ను బాగానే పరుగులు పెట్టించారు. తర్వాత రెండుసార్లు చూపించాం, అతుకు గట్టిపడిందన్నారు. ఎడమకన్ను కూడా చూశారు, దానికేమీ లేదు.

మొన్న కార్తీకంలో వానలు కాస్త తెరిపిచ్చిన రాత్రి, గుళ్ళో ఆకాశదీపం చూసి వచ్చి ఇద్దరం మళ్ళీ డాబా ఎక్కాం. చాప పరిచానో లేదో, "అమ్మాయ్, అదిగో, మెరిసింది" అన్నారు.

ఫోను పక్కన పెట్టేసి ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాను. "ఏ కంటికి అత్తయ్యా?"

ఆవిడ ఒక్కోకన్నూ మూసి మూసి చూసి, తల అటూ ఇటూ తిప్పి, తాపీగా చెప్పారు. "రెండిటికీ కనబడుతోంది. తల తిప్పినా అక్కడే ఉంది. ఎర్రదీపం కూడా ఉంది. మద్రాసు విమానమే. ఇక నీ పంచాంగం తీసి చూసుకో."